పిల్లలను సంచిలో మోస్తూ సముద్రాలు దాటిన చిన్న ప్రాణులు

పర్యాటకుల విహారపడవలు కట్టి ఉంచే రేవుకు, అంటే మెరీనాకు, వెళ్లినవారి చూపు సాధారణంగా తెల్లగా మెరిసే పడవల మీదా, వాటి ఎత్తైన తెరచాప కొయ్యల మీదా నిలుస్తుంది. కొన్నేళ్లుగా నా చూపు మాత్రం పడవకూ నడకదారికీ మధ్య మిగిలిన జానెడు నీటి సందులోకే పోతోంది. తేలే వేదిక మీద బోర్లా పడుకుని, చేతిని భుజం దాకా నీటిలోకి దించి వేదిక అడుగుభాగాన్ని తడిమితే వేళ్లకు కాంక్రీటు గాని ప్లాస్టిక్కు గాని తగలదు. ఒకచోట మెత్తగా, ఒకచోట జారుడుగా, మరొకచోట చర్మం గీరుకుపోయేంత గరుకుగా ఉండే దట్టమైన పొర తగులుతుంది. మొదటిసారి ఆ పొరలోంచి పిడికెడు ముక్కను పీకి, సముద్రపు నీరు పోసిన తెల్లని పళ్లెంలో వేసినప్పుడు అది ముదురు గోధుమరంగు నాచు కుచ్చు అనుకున్నాను. రెండు నిమిషాలు కదలకుండా చూస్తూ ఉండగా ఆ కుచ్చు కొమ్మలు వంగడం, లేవడం, ఒకదాన్నొకటి తోసుకోవడం మొదలుపెట్టాయి. కొమ్మలనుకున్న వాటిలో సగానికి పైగా ప్రాణులే. వాటి గురించి నాకు తెలిసినంత మేరకు వివరంగా రాయాలని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను.

ఆ ప్రాణులన్నీ కీళ్లకాళ్ల జీవులు. పాఠ్యపుస్తకాల భాషలో సంధిపాదులు. కీటకాలు, సాలీళ్లు, రొయ్యలు, పీతలు అన్నీ ఈ మహావర్గానికి చెందినవే. రేవు నీటిలో ఈ వర్గం తరఫున ఎక్కువగా కనిపించేవి రొయ్యలు, పీతల బంధువులైన క్రస్టేషియన్లు: రెండు పక్కలా నొక్కినట్టుండే యాంఫిపాడ్‌లు, పైనుంచి అణచినట్టుండే ఐసోపాడ్‌లు, సన్నని పుల్లల్లాంటి టానైడ్‌లు, గట్టి గుల్ల కట్టుకుని ఒకచోటే ఉండిపోయే బార్నకిల్‌లు. బార్నకిల్‌లను పక్కన పెడితే మిగిలినవాటిలో చాలావరకు కొన్ని మిల్లీమీటర్ల పొడవుకు మించవు. తెలుగులో వీటికి జనం పిలుచుకునే పేర్లు లేవు కాబట్టి శాస్త్రనామాలనే తెలుగు లిపిలో రాస్తున్నాను. చదవడానికి మొదట కొంచెం కష్టంగా ఉన్నా, పేరు పెట్టి పిలిస్తేనే ఒక ప్రాణికీ మరొక ప్రాణికీ ఉన్న తేడా మనసులో నిలుస్తుందని నా అనుభవం.

ముందుగా వీటి నివాసం గురించి చెప్పాలి, ఎందుకంటే తరువాతి కథంతా దాని మీదే ఆధారపడి ఉంది. నీటిలో పాతిన స్తంభం మీద పెరిగే జీవులను పోటు ముంచుతుంది, పాటు బయటపెడుతుంది. తేలే వేదిక అలా కాదు. నీటితోపాటే లేస్తుంది, నీటితోపాటే దిగుతుంది; కనుక దాని అడుగుభాగం ఏ వేళనైనా ఒకే లోతులో, ఎప్పుడూ మునిగే ఉంటుంది. పైన పలక ఉండటం వల్ల ఎండ నేరుగా తగలదు, కాబట్టి వెలుతురు కోరే పెద్ద నాచులు అక్కడ అంతగా పెరగవు. ఆ ఖాళీని జంతువులు ఆక్రమిస్తాయి. సముద్రపు అడుగున పాకుతూ వేటాడే పీతలు, నక్షత్రచేపలు వేలాడుతున్న ఈ కప్పును చేరడం కష్టం. అలల తాకిడిని అడ్డుగోడ ఆపేస్తుంది. ప్రకృతిలో ఇలాంటి చోటు, అంటే నిత్యం మునిగి ఉండి, నీడలో ఉండి, నేలకు అంటకుండా, అలలు లేకుండా ఉండే చోటు, ఎక్కడో గుహల్లోనో, తేలే దుంగల కిందనో తప్ప ఉండదు. మనుషులు దానిని ప్రతి తీరంలోనూ వరుసలు వరుసలుగా కట్టారు. అంతకన్నా ముఖ్యంగా, అన్నిచోట్లా ఒకే రకంగా కట్టారు. ఒక ఖండంలోని మెరీనాకూ మరో ఖండంలోని మెరీనాకూ పైన ఉన్న భవనాల తీరు వేరు కావచ్చు. నీటి కింద మాత్రం అదే కాంక్రీటు, అదే ప్లాస్టిక్ డబ్బాలు, అవే నైలాన్ తాళ్లు, అవే గొలుసులు.

కొత్త వేదికను నీటిలో దించిన కొన్ని గంటల్లోనే దాని మీద బాక్టీరియాల పలుచని జిగురు పొర ఏర్పడుతుంది. తరువాత సూక్ష్మశైవలాలు, ఆ తరువాత ఈక కుచ్చుల్లాంటి హైడ్రాయిడ్‌లు, గుంపులుగా అతుక్కుని పెరిగే బ్రయోజోవన్‌లు, సున్నపు గొట్టాలు కట్టుకునే పురుగులు, ఆల్చిప్పలు, తోలుతిత్తుల్లాంటి అసిడియన్‌లు ఒకదాని మీద ఒకటి చేరుతాయి. వీటిలో బుగులా నెరిటినా అనే బ్రయోజోవన్‌ను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. అసంఖ్యాకమైన అతిసూక్ష్మ జీవులు కలిసి కట్టిన ఈ సమూహం ఊదా గోధుమరంగులో, పొద మాదిరిగా కొమ్మలు వేస్తుంది. నేను మొదటి రోజు నాచు అనుకుని పీకినది దీనినే. నున్నటి కాంక్రీటు మీద కాళ్లు ఆనించలేని చిన్న క్రస్టేషియన్లకు ఈ పొదే అడవి. దాని కొమ్మే చేతికర్ర.

ఆ అడవిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసినది క్యాప్రెల్లా. ఇది యాంఫిపాడే గాని యాంఫిపాడ్‌లా ఉండదు. దీని పొట్టభాగం దాదాపు పూర్తిగా హరించుకుపోయి చివర చిన్న మొటిమలా మిగిలింది. ఛాతీ ఖండాలు మాత్రం సాగి సాగి, కీళ్లున్న పుల్లలా తయారయ్యాయి. మధ్యలోని రెండు జతల కాళ్లు పోయి, వాటి మొదట్లో ఉండవలసిన మొప్పలు మాత్రం చిన్న ఆకుల్లా మిగిలాయి. వెనుక మూడు జతల కాళ్ల చివర వంకీగోళ్లు ఉంటాయి. వాటితో బుగులా కొమ్మను పట్టుకుని, శరీరాన్ని నిటారుగా లేపి, ముందున్న పెద్ద పట్టుకాళ్లను మడిచి, నీటి ప్రవాహానికి ఎదురుగా నిలబడి ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది. పొలాల్లో కనిపించే గొల్లభామను తలపించే భంగిమ అది. స్పర్శశృంగాల, అంటే తల మీది మీసాల, మీద ఉన్న సన్నని వెంట్రుకల వరుసతో నీటిలోని రేణువులను వడకట్టి, ఆ శృంగాన్ని నోటిదాకా వంచి తుడుచుకుని తింటుంది. అవసరమైతే కొమ్మ మీది పాచిని గీకుతుంది; దొరికితే తనకన్నా చిన్న ప్రాణులను పట్టుకుంటుంది. నడవవలసి వస్తే తల వైపు పట్టుకుని, తోక వైపు లాక్కుని, మళ్లీ తల వైపు చాపి, అచ్చం కొలతపురుగులా నడుస్తుంది. ఈదగలదు గాని ఆ ఈతను ఈత అనడానికి మనసు ఒప్పదు. శరీరాన్ని ముడుచుకుంటూ విప్పుకుంటూ నీటిలో కొట్టుకుంటుంది, పట్టు దొరకగానే ఆగిపోతుంది.

మధ్యధరా రేవుల్లో నేడు తరచుగా కనిపించే క్యాప్రెల్లా స్కౌరా జాతిని తల మీద ముందుకు పొడుచుకు వచ్చిన ముల్లును బట్టి గుర్తుపట్టవచ్చు. మగది రెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మెడలా సాగిన ముందు ఖండాలు దానికి అదనపు పొడవునిస్తాయి. ఆడది పొట్టిగా ఉంటుంది, దాని ఛాతీ కింద నాలుగు రేకులు అతుక్కున్నట్టు ఒక సంచి ఉంటుంది. ఆ సంచి గురించి కాసేపట్లో చెబుతాను.

క్యాప్రెల్లా ఆరుబయట నిలబడే జీవి అయితే జాస్సా, మోనోకొరోఫియం, ఎరిక్థోనియస్ అనేవి ఇల్లు కట్టుకునే జీవులు. నీటిలో తేలే బురద రేణువులనూ, కుళ్లిన నాచు తునకలనూ పోగుచేసి గొట్టంలా కట్టుకుని అందులోంచి తలా స్పర్శశృంగాలూ మాత్రమే బయటపెడతాయి. ఈ గొట్టాలు వందల సంఖ్యలో పక్కపక్కనే అతుక్కున్నప్పుడు వేదిక మీద బురద తివాచీ పరిచినట్టు ఉంటుంది. నీటిలో బురద బురదను ఎలా అతుకుతుందన్నదే ఆసక్తికరమైన విషయం. వీటి ఛాతీ మీది రెండు జతల కాళ్లలో పట్టును తయారుచేసే గ్రంథులున్నాయి. కాలి కొన నుంచి దారం బయటకు వస్తుంది. మోనోకొరోఫియంకు దగ్గరి బంధువైన ఒక యాంఫిపాడ్ దారాన్ని పరీక్షించిన పరిశోధకులు, అందులో బార్నకిల్ జిగురు లక్షణాలూ సాలీడు పట్టు లక్షణాలూ కలిసి ఉన్నాయని 2012లో ప్రకటించారు. ఉప్పునీటిలో తడిగా ఉన్నప్పుడే అతుక్కునే దారం అది. సాలీడు గాలిలో సాధించినదాన్ని ఈ ప్రాణి, సాలీడుతో సంబంధం లేకుండా, నీటి కింద విడిగా సాధించింది.

జాస్సా మార్మొరాటా మగవాటిలో మరో విశేషం ఉంది. చివరిసారి కుబుసం విడిచినప్పుడు వాటి రెండో పట్టుకాలి మీద బొటనవేలు వంటి పెద్ద ముల్లు బయటపడుతుంది. అయితే కొన్ని మగవాటికి అది చాలా పెద్దగా, కొన్నిటికి చిన్నగా ఉంటుంది. పెద్ద వేలున్నవి ఆడదానికోసం పోట్లాడతాయి, చిన్న వేలున్నవి పోట్లాట లేకుండా చాటుగా జతకూడతాయి. పెరిగేటప్పుడు తిన్న తిండి నాణ్యతే ఈ రెండింటిలో ఏ రూపం వస్తుందో నిర్ణయిస్తుందని ప్రయోగాల్లో తేలింది.

ఐసోపాడ్‌లలో ఇంతకన్నా విచిత్రమైన ఉదాహరణ పారాసెర్సిస్ స్కల్ప్టా. కాలిఫోర్నియా, మెక్సికో తీరాలకు చెందిన ఈ జీవి నేడు మధ్యధరాతో సహా ఎన్నో సముద్రాల రేవుల్లో ఉంది. దీనిలో మగవి మూడు రకాలు. పెద్దదానికి తోక దగ్గర కొమ్ముల్లాంటి ఉపాంగాలుంటాయి. అది స్పంజిక లోపలి గదిలో ఆడవాటిని చేర్చుకుని ద్వారం దగ్గర కాపలా కాస్తుంది. రెండో రకం పరిమాణంలోనూ ప్రవర్తనలోనూ ఆడదానిలా ఉండి కాపలాదారును దాటి లోపలికి వెళుతుంది. మూడో రకం మరీ చిన్నది. పిల్లలా కనిపిస్తూ సందుల్లోంచి దూరుతుంది. కాలిఫోర్నియా సింధుశాఖలో వీటిని ఏళ్ల తరబడి పరిశీలించిన స్టీఫెన్ షస్టర్, తన సహచరుడు మైఖేల్ వేడ్‌తో కలిసి 1991లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఈ మూడు రకాలకూ సగటున కలిగే సంతానం దాదాపు సమానం. మూడు దారులూ సమానంగా ఫలిస్తున్నందువల్లనే మూడూ నిలిచి ఉన్నాయి. ఏళ్ల పాటు నిండా రెండు సెంటీమీటర్లు లేని ప్రాణుల వంశవృక్షాన్ని లెక్కించిన ఓపికను తలచుకున్నప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

సముద్రపు సాలీళ్ల గురించి క్లుప్తంగానే చెబుతాను. వీటి శరీరం ఎంత సన్నమంటే పేగులు అందులో పట్టక కాళ్లలోకి సాగుతాయి. గుడ్లను మోసే బాధ్యత మగదానిది. ప్రత్యేకంగా ఉన్న ఒక జత కాళ్లకు గుడ్ల ఉండలను తగిలించుకుని తిరుగుతుంది. బార్నకిల్‌లను చాలాకాలం నత్తలతో, ఆల్చిప్పలతో కలిపి మొలస్కాలుగా లెక్కించేవారు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ వాటి డింభకాలు, అంటే గుడ్డులోంచి వచ్చే తొలి రూపాలు, నీటిలో ఈదే క్రస్టేషియన్ల వంటివని, అవే తరువాత ఒకచోట అతుక్కుని గుల్ల కట్టుకుంటున్నాయని చూపించాక గాని వాటి అసలు బంధువర్గం తేలలేదు. ఆ తరువాత చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 దాకా, ఎనిమిదేళ్లు, ఈ జీవుల మీదే పనిచేశాడు.

బార్నకిల్ డింభకాన్ని ప్రస్తావించడానికి కారణం ఉంది. బార్నకిల్, ఆల్చిప్ప, అనేక పురుగులు తమ పిల్లలను సూక్ష్మమైన డింభకాలుగా నీటిలోకి వదులుతాయి. అవి రోజులు, వారాలు ప్రవాహంలో కొట్టుకుపోయి ఎక్కడో ఒకచోట దిగుతాయి. కదలలేని తల్లికి దూరప్రయాణం చేయగల బిడ్డలు. యాంఫిపాడ్‌లు, ఐసోపాడ్‌లు, టానైడ్‌లు ఈ పద్ధతిని పూర్తిగా వదిలేశాయి. ఇందాక చెప్పిన సంచి అక్కడే అవసరమవుతుంది. ఆడదాని ఛాతీ కాళ్ల మొదళ్ల నుంచి పలుచని రేకులు పెరిగి, ఒకదానిపై ఒకటి కప్పుకుని, పిల్లసంచిగా ఏర్పడతాయి. గుడ్లు అందులోనే పొదుగుతాయి. బయటికి వచ్చేటప్పటికి పిల్ల రూపంలో తల్లిని పోలిన చిన్న ప్రతిమ. ఈదుతూ తిరిగే డింభక దశ అనేదే లేదు. కొన్ని క్యాప్రెల్లాలలో సంచి వదిలిన తరువాత కూడా పిల్లలు తల్లి వీపును పట్టుకుని కొన్నాళ్లు ఉంటాయి; దగ్గరికి వచ్చిన శత్రువును తల్లి పట్టుకాళ్లతో తరుముతుంది. భూతద్దం కింద ఒక తల్లి ఒంటినిండా వెంట్రుకల్లా నిలబడ్డ పిల్లలను చూసినప్పుడు చాలాసేపు తల ఎత్తలేకపోయాను.

ఇప్పుడు ఆలోచించండి. సరిగా ఈదలేదు, డింభకం లేదు, పుట్టిన కొమ్మ మీదే బతుకుతుంది. ఇలాంటి ప్రాణి ప్రపంచంలో ఏదో ఒక మూలకు పరిమితమై ఉండాలి. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. క్యాప్రెల్లా స్కౌరాను రాబర్ట్ టెంపుల్‌టన్ 1836లో హిందూ మహాసముద్రంలోని మారిషస్ నుంచి మొదటిసారి వర్ణించాడు. 1994లో అది వెనిస్ ఉప్పుకయ్యలో దొరికింది. తరువాతి రెండు దశాబ్దాల్లో ఇటలీ, గ్రీస్, స్పెయిన్ తీరాల రేవుల్లో ఒకదాని వెంట ఒకటిగా కనిపిస్తూ వచ్చింది. స్ఫెరోమా వాకెరీ అనే ఐసోపాడ్‌ను 1905లో సిలోన్ (నేటి శ్రీలంక) ముత్యపుచిప్పల వేటకు సంబంధించిన సేకరణల నుంచి వర్ణించారు. ముట్టుకుంటే బంతిలా ముడుచుకునే ఆ జీవి నేడు అనేక ఉష్ణ సముద్రాల ఓడరేవుల్లో ఉంది. క్యాప్రెల్లా మ్యూటికాను 1935లో జపాన్ సముద్రంలోని పీటర్ ది గ్రేట్ అఖాతం నుంచి వర్ణించారు. 1970ల్లో అమెరికా పశ్చిమ తీరంలో, 1990ల్లో నెదర్లాండ్స్‌లో అది బయటపడి, కొద్ది సంవత్సరాల్లోనే ఉత్తర సముద్రపు తీరాల్లో స్థిరపడింది. జపాన్ తీరానికి చెందిన పారాన్థురా జపోనికా అనే సన్నని ఐసోపాడ్ కూడా నేడు ఫ్రాన్స్, ఇటలీ తీరాల్లో కనిపిస్తోంది.

ఈ చిక్కుముడికి సమాధానం పడవ అడుగున ఉంది. డింభకం లేకపోవడం లోపం అని మొదట నేనూ అనుకున్నాను. నిజానికి మనిషి ప్రయాణాలకు అది అతికినట్టు సరిపోయే గుణం. ఒక బార్నకిల్ పడవకు అంటుకుని కొత్త రేవుకు చేరి డింభకాలను వదిలితే అవి సముద్రంలో చెదిరిపోతాయి; పెద్దయ్యాక జత దొరికేంత దగ్గరగా కొన్నయినా మళ్లీ చేరాలి. సంచి నిండా పిల్లలున్న ఒక్క క్యాప్రెల్లా తల్లి అదే రేవులో కాళ్లు మోపితే, పుట్టిన పిల్లలన్నీ అదే కొమ్మ మీద, ఒకదాని పక్కన ఒకటి పెరుగుతాయి. అడ్డుగోడల మధ్య నీరు పెద్దగా కదలదు కాబట్టి వాటిని ఊడ్చుకుపోయేది ఉండదు. ఒక్క తల్లి ఒక ఊరికి సరిపడా జనాభాను మోసుకొస్తుంది. ఇన్నేళ్లుగా ఈ విషయం గురించి నేను నేర్చుకున్నవాటిలో ఇదే అతి ముఖ్యమైనదని నమ్ముతున్నాను.

సరుకు ఓడల కన్నా విహారపడవలు ఈ పనికి ఎక్కువ అనువుగా ఉండటానికి వాటి అలవాట్లే కారణం. సంవత్సరంలో అధికభాగం అవి కట్టిన చోటే ఉంటాయి. వేదిక మీది జీవులు పడవ మీదికి ఎక్కడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. తరువాత యజమాని సెలవుల్లో వచ్చి, ఐదారు నాట్ల, అంటే గంటకు దాదాపు పది కిలోమీటర్ల, వేగంతో, ఒక మెరీనా నుంచి మరో మెరీనాకు వెళతాడు. ఆ వేగంలో బుగులా కొమ్మను పట్టుకున్న వంకీగోళ్లు ఊడిపోనవసరం లేదు. చుక్కాని వెనుక సందు, ప్రొపెల్లర్ ఇరుసు, పడవను ఎత్తినప్పుడు దిమ్మెల మీద ఆనే చోట్లు, ఇవన్నీ రంగు సరిగా పడని మూలలు. జీవుల గుంపులు అక్కడే పెరుగుతాయి. పెద్ద ఓడలు మహాసముద్రం ఒడ్డు నుంచి ఒడ్డుకు తెచ్చిన జాతిని, చిన్న పడవలు వీధి వీధికీ పంచినట్టు తీరమంతా పంచుతాయి.

పడవ అడుగుకు పూసే విషపు రంగుల చరిత్ర కూడా దీనితో ముడిపడి ఉంది. ట్రైబ్యుటైల్ టిన్ అనే తగరపు విషం కలిపిన రంగులు ఒకప్పుడు అత్యంత సమర్థంగా పనిచేశాయి. అయితే ఫ్రాన్స్‌లోని ఆర్కషోన్ అఖాతంలో ఆయిస్టర్ల పెంపకం దెబ్బతినడంతో ఆ దేశం 1982లోనే 25 మీటర్ల లోపు పడవలకు వాటిని నిషేధించింది. వాటిని అన్ని ఓడలకూ నిషేధించే అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఒప్పందం 2001లో కుదిరి 2008లో అమలులోకి వచ్చింది. ఆ నిషేధం పూర్తిగా న్యాయమైనది. దాని స్థానంలో విస్తరించిన రాగి రంగులను మాత్రం కొన్ని జీవులు తట్టుకోగలవు. బుగులా నెరిటినా, వాటర్‌సిపోరా వంటి బ్రయోజోవన్‌లు రాగి పూసిన ఉపరితలం మీద కూడా పెరుగుతాయి. ఒకసారి అవి పెరిగాక వాటి మీద కూర్చునే జీవికి రాగి తగలనే తగలదు. విషాన్ని తట్టుకునే మొదటి జీవి, విషాన్ని తట్టుకోలేని పదింటికి చాప పరుస్తుంది. పడవను శుభ్రంగా ఉంచుతున్నామని యజమాని నిజాయితీగా నమ్ముతుండగానే ఇది జరిగిపోతుంది.

చట్టాల చూపు చాలాకాలం పెద్ద ఓడల మీదే ఉంది. ఓడలు సమతూకం కోసం నింపుకునే నీటి గురించిన అంతర్జాతీయ ఒప్పందం 2004లో తయారై 2017లో అమలైంది. తెరచాప పడవలో సాధారణంగా అలాంటి నీరే ఉండదు. పడవ అడుగున పెరిగే జీవుల గురించి 2011లో మార్గదర్శకాలు వచ్చాయి, 24 మీటర్ల లోపు విహారపడవలకు 2012లో విడిగా సూచనలు వచ్చాయి, కాని అవి స్వచ్ఛందమైనవి. న్యూజిలాండ్ ఒక్కటే ముందుగా అడుగు వేసి, 2018 నుంచి తన తీరానికి వచ్చే ప్రతి నౌకా, విహారపడవతో సహా, శుభ్రమైన అడుగుతో రావాలని నిబంధన పెట్టింది. మధ్యధరాలో 2015, 2016 సంవత్సరాల్లో పరిశోధకులు 34 మెరీనాలనూ, దాదాపు 600 పడవల అడుగులనూ పరిశీలించినప్పుడు, ఆయా దేశాల్లో అంతవరకు ఎవరూ నమోదు చేయని విదేశీ జాతులు పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. చూడనంతకాలం అవి లేవనుకున్నామన్నమాట. ఓడరేవుల మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా మెరీనాల మీద పెట్టి ఉంటే ఆ జాబితాలో కొన్ని పేర్లు దశాబ్దాల ముందే తెలిసేవని నా అభిప్రాయం.

వేదికే పడవ అయిన సందర్భం కూడా ఒకటి ఉంది. 2011 మార్చిలో జపాన్‌ను ముంచిన సునామీ మిసావా రేవులోని తేలే వేదికలను తెంచుకుపోయింది. వాటిలో ఒకటి, దాదాపు 20 మీటర్ల పొడవున్నది, పసిఫిక్ మహాసముద్రాన్ని దాటి 2012 జూన్‌లో అమెరికాలోని ఆరెగన్ తీరానికి కొట్టుకువచ్చింది. పదిహేను నెలల తరువాత కూడా దాని మీద నాచులు, ఆల్చిప్పలు, బార్నకిల్‌లు, యాంఫిపాడ్‌లు, ఐసోపాడ్‌లు ప్రాణాలతో ఉన్నాయి. ఆ సునామీ శిథిలాల మీద సముద్రం దాటిన సజీవ జాతులను తరువాతి సంవత్సరాల్లో లెక్కిస్తే 289 తేలాయి. చెట్టుదుంగ అయితే మధ్యలోనే చివికిపోయేది; ప్లాస్టిక్, ఫైబర్‌గ్లాస్, నురుగు దిమ్మెలు చివకవు కాబట్టి ప్రయాణం పూర్తయింది.

ఇవి వచ్చి చేరడం వల్ల నష్టమెంత అని మిత్రులు అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు ఒకే మాటలో జవాబు చెప్పడం నాకు ఇష్టం ఉండదు. స్పెయిన్ రేవుల్లో క్యాప్రెల్లా స్కౌరా పెరిగిన చోట్ల, అంతకుముందు అదే బుగులా కొమ్మల మీద ఉండే క్యాప్రెల్లా ఈక్విలిబ్రా తగ్గిపోవడం గమనించారు. లిమ్నోరియా అనే ఐసోపాడ్ అయితే చెక్క స్తంభాలను తొలిచి తింటుంది. ఓడల వెంట అదీ వ్యాపించింది, దాని నష్టాన్ని రేవుల నిర్మాతలు తరతరాలుగా భరించారు. మరోవైపు ఈ చిన్న ప్రాణులు చేపలకు ఆహారం. సిడ్నీ రేవులో ఈతకొలనుల చుట్టూ కట్టిన వలల మీద నివసించే సముద్రగుర్రాలు ఆ వలల మీది చిన్న క్రస్టేషియన్లనే తిని బతుకుతాయి. కాబట్టి వేదికలన్నీ గీకి బోడి చేయాలని నేను అనను. జాతి ఎక్కడిదో, ఎప్పుడు వచ్చిందో, ఎవరి చోటు ఆక్రమించిందో తెలుసుకోకుండా మంచిచెడ్డలు తేల్చడం సాధ్యం కాదన్నదే నా పట్టుదల.

అందుకే పాత జాబితాలు అమూల్యమైనవి. ఆంటన్ డోర్న్ 1872లో నేపుల్స్‌లో సముద్రజీవ పరిశోధన కేంద్రాన్ని స్థాపించాడు. స్వయంగా సముద్రపు సాలీళ్ల మీద 1881లో గ్రంథం వెలువరించాడు. మరుసటి ఏడాదే, 1882లో, అక్కడే పనిచేసిన పాల్ మేయర్ ఆ అఖాతపు క్యాప్రెల్లాలన్నిటినీ బొమ్మలతో సహా వర్ణించాడు. నేడు ఒక రేవులో దొరికిన క్యాప్రెల్లా స్కౌరాను కొత్తగా వచ్చినదని ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే, అది మేయర్ వంటివారి జాబితాల్లో లేదు గనుకనే చెప్పగలుగుతున్నాం. అలాంటి జాబితా లేని తీరాల్లో ఎన్నో జాతులు స్థానికమో విదేశీయమో తేలకుండా ఉండిపోయాయి. వాటిని ఇంగ్లీషులో క్రిప్టోజెనిక్ అంటారు. జేమ్స్ కార్ల్‌టన్ 1996లో ఆ పేరును వాడుకలోకి తెచ్చాడు. తెలుగులో మూలం తెలియనివి అనుకుందాం. శతాబ్దాల తరబడి చెక్క ఓడలు తిరిగిన తరువాత గాని మనం లెక్క మొదలుపెట్టలేదు కాబట్టి వాటిలో కొన్నిటి పుట్టిల్లు ఎప్పటికీ తెలియకపోవచ్చు.

లెక్క తీసే పని చూడటానికి సాదాగా ఉంటుంది. చదరపు చట్రాన్ని వేదిక పక్కకు ఆనించి, అందులోని పొరను గీకుడుబిళ్లతో గీకి, సన్నని వల సంచిలో పట్టాలి. అర మిల్లీమీటరు రంధ్రాల జల్లెడలో కడిగి, స్పిరిట్‌లో భద్రపరచాలి. ఆ తరువాత రోజుల తరబడి సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడమే. ఒక్క పిడికెడు కుచ్చులో వందల ప్రాణులుంటాయి. పట్టుకాలి మీద పన్ను ఎక్కడుంది, స్పర్శశృంగంలో ఎన్ని కణుపులున్నాయి, తోక ఉపాంగం కొన ఎలా ఉంది అని ఒక్కొక్కదాన్నీ తిప్పి చూడాలి. పిల్లలనూ, కాళ్లు విరిగినవాటినీ జాతి దాకా గుర్తించడం కుదరదు; వాటిని నిజాయితీగా విడిగా రాసి పెట్టాలి. జన్యుపరీక్షలు ఈ పనికి బాగా తోడ్పడుతున్నాయి గాని, పోల్చి చూడటానికి సరిగా గుర్తించిన నమూనా ముందే ఉండాలి. కంటితో గుర్తుపట్టగలిగినవారు రానురాను తగ్గిపోతున్నారన్నది ఈ విషయంలో నన్ను నిజంగా బాధపెట్టే సంగతి.

కిందటి వేసవి చివర ఒక మెరీనాలో పడవను నీటిలోంచి ఎత్తుతుండగా దగ్గర నిలబడి చూశాను. బెల్టుల మధ్య వేలాడుతున్న పడవ అడుగు చాలావరకు శుభ్రంగానే ఉంది. చుక్కాని సందులో మాత్రం అరచేతి వెడల్పున ఊదారంగు కుచ్చు వేలాడుతోంది. పనివాళ్లు నీటిధారతో దానిని ఊడగొట్టారు. కడిగిన నీటిని తొట్టెలో పట్టి వడపోసే ఏర్పాటు కొన్ని రేవుల్లో ఉంటుంది. అక్కడ లేదు, నీరు వాలుగా పారి మళ్లీ రేవులోకే దిగుతోంది. అనుమతి అడిగి ఆ కుచ్చులో మిగిలిన ముక్కను సీసాలోకి తీసుకున్నాను. ఆ సాయంత్రం భూతద్దం కింద పెట్టి చూస్తే బుగులా కొమ్మ చివర, తల మీద ముల్లుతో, ఒక క్యాప్రెల్లా స్కౌరా ఆడది పట్టు వదలకుండా ఉంది. సంచి నిండుగా ఉంది. రేకుల పలుచదనం గుండా లోపలి పిల్లల కళ్లు ఎర్రని చుక్కల్లా కనిపిస్తున్నాయి.